టోక్యో నడకలు - మా జగిత్యాల ఖిల్లా

టోక్యో అంత పెద్ద ఊళ్ళో నాలుగొందల ఏళ్ళ నాటి కట్టడం ఒక్కటి చూపించమని ఎవరినైనా అడిగి చూడండి. వెంటనే జవాబు రాదు. టూరిస్టులు ఎగబడి చూసే గుళ్ళూ, గోపురాలూ చాలావరకు 1945 తర్వాత మళ్ళీ కట్టినవే. మరి అది చరిత్ర ఉన్న ఊరేనా? అదే అడుగుతూ ఆ ఊళ్ళో ఎనిమిది నెలలు తిరిగాను, జవాబు మాత్రం మా జగిత్యాల ఖిల్లా దగ్గర దొరికింది. ఆ సంగతే ఇది. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

మా దిక్కు నుంచి దేశం దాటడమంటే ఇప్పటికీ దుబాయి, మస్కట్, దోహా. సిరిసిల్ల నేతన్నలకైతే దేశం లోపలే భీవండి, సూరత్. నాకు ప్రాజెక్టు పుణ్యమా అని టోక్యో తగిలింది. మకాం నిషి-కసాయ్‌లో. వైటూకే రోజుల నుంచి మన ఐటీ జనం చేరుతూ వచ్చిన పేట అది, కందిపప్పుకీ చింతపండుకీ ఇబ్బంది లేదు. శని ఆదివారాలు తోటివాళ్ళు డిస్నీలాండ్‌కో, అకిహబరాకో పోయేవాళ్ళు. నేను ఒంటరిగా బయటపడేవాణ్ణి. జంటగా పోతే ఫోటోలు దిగుతాం, గుంపుగా పోతే తింటాం, ఒక్కడివే పోతే బోర్డులు చదువుతాం. నేను చేసింది ఆ మూడోదే.

ముందు కోటతో మొదలుపెడతా. టోక్యో పాత పేరు ఎడో. 1590లో తొకుగవా ఇయెయసు వచ్చేటప్పటికి అక్కడున్నది 1457లో ఓతా దోకన్ అనే ఆయన కట్టిన ఓ చిన్న కోట, చుట్టూ చిత్తడి నేల. 1603లో ఇయెయసు షోగన్ అయ్యాక అదే దేశానికి అధికార కేంద్రం. పద్దెనిమిదో శతాబ్దానికల్లా ఆ ఊరి జనాభా పది లక్షలకు చేరిందని అంచనా. ఆ కోట నడుమ అయిదంతస్తుల బురుజు ఒకటి ఉండేది. ఇప్పుడు చక్రవర్తి ప్యాలెస్ తూర్పు తోటలోకి (1968 నుంచి జనాన్ని రానిస్తున్నారు, టికెట్టు లేదు) వెళ్తే ఆ బురుజు కనిపించదు. దాని రాతి పునాది మాత్రం కనిపిస్తుంది. ఎక్కితే పైన ఖాళీ.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే బాపు అడిగిండు:
"ఏం జూసినవ్ రా ఇయ్యాల?"
"కోట జూసిన బాపూ."
"మంచిగున్నదా?"
"కోట లేదే. కోట ఉన్న జాగ ఉన్నది."
"గంత దూరం వోయి జాగ జూసినవా!"

నిజమే, చూసింది జాగనే. కానీ ఆ జాగ ఎందుకు ఖాళీగా ఉందో జపాన్‌లో స్కూలు పిల్లలకి కూడా తెలుసు. 1657లో మెయిరెకి అగ్నిప్రమాదంలో ఎడో సగానికి పైగా కాలిపోయింది. చనిపోయినవాళ్ళు లక్ష దాకా ఉంటారని అంచనా. కోట బురుజూ కాలింది. మరుసటి ఏడే మయెదా వంశం వాళ్ళు కొత్త రాతి పునాది కట్టారు, పైన బురుజు లేపడమే మిగిలింది. అప్పుడు షోగన్‌కి పెద్దదిక్కుగా ఉన్న హోషినా మసయుకి అడ్డుపడ్డాడు. యుద్ధాలు లేని కాలంలో అంత ఎత్తు బురుజు ఎందుకు, ఆ డబ్బు ఊరు నిలబెట్టడానికి పెడదాం అన్నాడు. ఆ మాటే నెగ్గింది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ కట్టలేదు. అంటే మూడున్నర శతాబ్దాలకు పైగా అక్కడ నిలబడి ఉన్నది ఒక నిర్ణయం! బురుజు ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్ళకి 2020లో ముప్పయ్యో వంతు సైజులో నమూనా చేసి అదే తోటలో పెట్టారు.

ఆ నిప్పు తర్వాత మంటలు ఒక పేట నుంచి ఇంకో పేటకి పాకకుండా మధ్యమధ్య వెడల్పాటి వీధులు వదిలారు. వాటిని హిరొకోజి అనేవాళ్ళు. ఇప్పుడు మెట్రోలో పోతుంటే ఉయెనో-హిరొకోజి అని స్టేషన్ వస్తుంది. వీధి పనితీరు ఎప్పుడో మారిపోయింది, పేరు మాత్రం 1657ని మోసుకుని తిరుగుతోంది.

తర్వాతి వారం అసాకుసా. సెన్సోజీ గుడి. 628లో సుమిద నదిలో ఇద్దరు అన్నదమ్ముల చేపల వలకి కన్నన్ విగ్రహం దొరికిందని స్థలపురాణం. (మన అవలోకితేశ్వరుడే అక్కడ కన్నన్.) ఆ గుడి ముందు పెద్ద ఎర్ర లాంతరు వేలాడే ద్వారం ఫోటో మీరు తప్పకుండా చూసే ఉంటారు, టోక్యో అంటే అదే ఫోటో వేస్తారు. దాని పేరు కమినరిమోన్. అది 1865లో కాలిపోయింది. 95 ఏళ్ళు అక్కడ ద్వారమే లేదు. 1960లో మళ్ళీ కట్టడానికి డబ్బు ఇచ్చింది మత్సుషిత కొనొసుకె, అంటే మన ఇళ్ళల్లో ఉండే పానాసోనిక్ కంపెనీ పెట్టినాయన. లోపలి ప్రధాన మందిరం 1945 మార్చి 10 బాంబుదాడిలో కాలితే 1958లో కాంక్రీటుతో కట్టారు. అయిదంతస్తుల పగోడా 1973ది. మందిరం పైకప్పు పెంకులు 2010లో టైటానియం వేశారు!

అదే ఆవరణలో తూర్పు పక్క నితెన్మోన్ అని ఇంకో ద్వారం ఉంది. అది 1649 నాటిది. బాంబులకి తట్టుకుని మిగిలిన అసలు చెక్క. నేనున్న అరగంటలో అక్కడ ఆగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జనమంతా 1960 ద్వారం కిందే ఉన్నారు.

ఇది చూసి నవ్వుకోవచ్చు, మనదే నయం అనుకోవచ్చు. మన దగ్గర వెయ్యేళ్ళ గుళ్ళు ఊరికొకటి ఉన్నాయి కదా. కానీ గమనించాల్సిన విషయం ఒకటుంది. కమినరిమోన్ పాతది అని వాళ్ళు ఎక్కడా అబద్ధం చెప్పడం లేదు. ఎప్పుడు కాలింది, ఎన్నాళ్ళు లేదు, ఎవరి డబ్బుతో లేచింది, అన్నీ రాసి పెట్టుకున్నారు. రాయి పోయినా లెక్క పోలేదు.

లెక్క అంటే గుర్తొచ్చింది. సుమిద నది దాటి రియోగొకు వెళ్తే ఎకోఇన్ అనే గుడి ఉంది. 1657లో చనిపోయిన దిక్కులేని వాళ్ళ కోసం షోగన్ ఆజ్ఞతో కట్టింది. అక్కడికి నడకదూరంలో యొకొఅమిచో పార్కు. 1923 సెప్టెంబరు 1న, మధ్యాహ్నం 12కి రెండు నిమిషాల ముందు కాంతో భూకంపం వచ్చింది. పొయ్యిల మీద వంటలు ఉన్న వేళ కావడంతో ఊరంతా అంటుకుంది. అప్పట్లో ఖాళీగా ఉన్న ఈ జాగలోకి జనం సామాన్లతో సహా పరిగెత్తుకొచ్చారు. ఆ సామాన్లకే నిప్పంటుకుని, సుడిగాలిలా మంట లేచి, ఈ ఒక్క చోటే దాదాపు 38 వేలమంది చనిపోయారు. మొత్తం మీద మృతులు లక్షకు పైనే. 1930లో ఇక్కడ స్మారక మందిరం కట్టారు. పదిహేనేళ్ళకి బాంబుదాడిలో ఇంకో లక్షమంది. వాళ్ళ అస్థికలు కూడా తెచ్చి ఇక్కడే పెట్టారు. ఏటా రెండు తేదీల్లో, మార్చి 10నా సెప్టెంబరు 1నా, ఇక్కడ ప్రార్థనలు జరుగుతాయి.

ఈ మందిరం గీసిన ఆర్కిటెక్ట్ ఇతో చూత. 1902లో బయల్దేరి చైనా, బర్మా, ఇండియా, టర్కీ మీదుగా మూడేళ్ళు తిరిగిన మనిషి. త్సుకిజి పేటలోని హోంగాన్జీ గుడి కూడా ఆయనదే. పాతది 1923 మంటల్లో పోతే 1934లో కొత్తది పూర్తిచేశారు. దాని ముఖం చూస్తే మనవాళ్ళు ఎవరైనా ఠక్కున ఆగిపోతారు. అచ్చం అజంతా చైత్యం! పోయిన గుడి స్థానంలో పోయిన గుడిలాంటిదే కట్టాలని వాళ్ళకి పట్టింపు లేదు. ఏది పోయిందో రాసుంటే చాలు.

అలాగని వాళ్ళని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అదే యొకొఅమిచో పార్కులో 1973లో పెట్టిన ఇంకో రాయి ఉంది. 1923 భూకంపం తర్వాత పుకార్లు నమ్మి జనం, కొన్నిచోట్ల పోలీసులూ సైనికులూ కొరియన్లని చంపారు. ఆ రాయి వాళ్ళ జ్ఞాపకం. ఏటా అక్కడ జరిగే సభకి టోక్యో గవర్నర్లు సంతాప సందేశం పంపడం ఆనవాయితీగా ఉండేది, 2017లో దాన్ని ఆపేశారు. అంటే లెక్క రాయడం ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. చెరిపేయాలనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అయినా రాయి అక్కడుంది కాబట్టి సందేశం రాలేదని వార్త అయింది. రాయే లేకపోతే ఆ వార్తా ఉండదు.

ఇక నన్ను జగిత్యాల దాకా లాక్కొచ్చిన చోటు గురించి. ఒదైబా. షాపింగ్ మాల్స్, పెద్ద బొమ్మ రోబో, సముద్రం మీద వంతెన, ఇవన్నీ ఉన్న పేట. ఆ పేరుకి అర్థం తెలుసుకుంటే ఆశ్చర్యపోతారు. దైబా అంటే ఫిరంగులు పెట్టే దిబ్బ. ముందు 'ఒ' గౌరవ వాచకం. ఫిరంగి దిబ్బగారు అన్నమాట!

1853 జూలైలో అమెరికా నుంచి కమాడోర్ పెర్రీ నాలుగు నల్ల ఓడలతో వచ్చి, తలుపులు తెరవండి, లేకపోతే చూస్కోండి అన్నట్టు ఉత్తరం ఇచ్చి, మళ్ళీ వస్తానని పోయాడు. షోగన్ ప్రభుత్వం హడలిపోయింది. ఎగవా హిదెతత్సు అనే అధికారిని పిలిచి ఎడో అఖాతంలో ఫిరంగి దిబ్బలు కట్టమంది. (ఈయన సైనికుల కోసం 1842లో బ్రెడ్ కాల్పించాడని, ఆ ఏప్రిల్ 12ని జపాన్‌లో బ్రెడ్ రోజుగా చేసుకుంటారు. పిడకల వేట, వదిలేయండి.) ఎగవా ఏ యూరపు ఇంజినీరునీ పిలిపించలేదు, పిలిపించే వీలూ లేదు. డచ్చి పుస్తకాలు ముందు పెట్టుకుని యూరపు పద్ధతి దిబ్బలు గీశాడు. షినగవా దగ్గరి గుట్టని తవ్వి మట్టి పడవల్లో మోశారు. అనుకున్నవి పదకొండు. మొదటి మూడూ 1854 వేసవికి పూర్తయ్యాయి. కానీ పెర్రీ ఫిబ్రవరిలోనే తిరిగొచ్చాడు, మార్చి 31న ఒప్పందం అయిపోయింది. ఆ ఫిరంగులు శత్రువు మీద ఒక్కసారీ పేలలేదు. మన భాషలో చెప్పాలంటే డెలివరీకి ముందే రిక్వైర్‌మెంట్ పోయింది.

ఇప్పుడు మిగిలినవి రెండే, మూడో నంబరుదీ ఆరో నంబరుదీ. మూడో దిబ్బ మీద 1928 నుంచి పార్కు ఉంది. చుట్టూ రాతి గోడ, మధ్యలో గుంట, మందుగుండు గది ఆనవాళ్ళు. ఆ గోడ మీద నడుస్తుంటే కాళ్ళకి ఏదో తెలిసిన చోటే అనిపించింది. పొట్టి గోడ, లోపలికి పల్లం, మూలల్లో ఫిరంగి కూర్చునే చోటు. ఇది మా ఖిల్లా చుట్టం!

జగిత్యాల ఖిల్లా తెలియనివాళ్ళ కోసం: ఊరి నడుమ, కొండా గుట్టా లేకుండా చదును నేల మీద, నక్షత్రం ఆకారంలో ఉన్న రాతి కోట. చుట్టూ కందకం. లోపల ఇప్పటికీ పాత తోపులు ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఎలగందుల పాలకుడు జఫరుద్దౌలా ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడని చెబుతారు. 1747 అని సంవత్సరం కూడా చెబుతారు.

ఆ ఆకారం అందం కోసం కాదు. పాత కోటలకి గోడ ఎత్తే బలం, ఎక్కలేరు కాబట్టి. ఫిరంగి వచ్చాక ఎత్తే శాపం, దూరం నుంచే కొట్టి కూల్చొచ్చు. కాబట్టి గోడని పొట్టి చేసి, మందం చేసి, వెనక మట్టి నింపారు. ఇంకో చిక్కు ఉంది. గుండ్రటి బురుజు ముందు కొంత జాగ పక్క బురుజులవాళ్ళకి కనపడదు, శత్రువు అక్కడ నక్కితే ఏం చేయలేం. బురుజుని బాణం మొనలా చేస్తే ప్రతి అంచూ పక్క మొన నుంచి కనిపిస్తుంది. అన్ని మొనలూ కలిపితే నక్షత్రం. ఇటలీలో పుట్టిన ఈ లెక్కని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో వొబాన్ పతాకస్థాయికి తీసుకెళ్ళాడు. అది ఒక దారిన దక్కనుకి, ఇంకో దారిన డచ్చి పుస్తకాల్లో జపానుకి చేరింది. జపాన్‌లో పూర్తి నక్షత్రం ఒదైబాలో లేదు, ఉత్తరాన హకొదతెలో ఉంది. గోర్యోకకు కోట. 1857లో మొదలైంది. డచ్చి చదువు చదివిన తకెదా అయసబురో గీశాడు. నక్షత్రం నేల మీద నుంచి కనిపించదు కదా, అందుకని పక్కనే టవర్ కట్టారు. 2006లో దాని స్థానంలో 107 మీటర్ల కొత్తది లేపారు.

ఇప్పుడు తేడా చూడండి. ఒదైబా గురించి ఎవరు గీశారు, మట్టి ఏ గుట్టది, ఏ నెలకి ఎన్ని పూర్తయ్యాయి, అన్నీ చెప్పగలం. జగిత్యాల ఖిల్లా దానికన్నా వందేళ్ళు పెద్దది, దానికన్నా మొత్తంగా మిగిలింది. దాని గురించి మా ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఏంటంటే, జాక్, టాల్ అనే ఇద్దరు దొరలు కట్టారు, వాళ్ళ పేర్లు కలిపితే జగిత్యాల అయింది.

వినడానికి బాగుంటుంది. కాసేపు ఆలోచిస్తే నిలబడదు. జాక్ అంటే ఫ్రెంచివాళ్ళ పేరే అనుకుందాం, టాల్ ఎవరు? పైగా ఇద్దరి పేర్లూ ఊరి పేరులో అతికినట్టు సరిపోవడమేంటి? హైదరాబాదులో ఫ్రెంచివాళ్ళ హవా నడిచింది 1751లో బుస్సీ వచ్చాక. 1747 అంటే దానికి నాలుగేళ్ళ ముందు. ఇంకోపక్క ఊరికి ఆనుకునే పొలాస ఉంది. కాకతీయుల కాలంలో పొలవాస రాజులు ఏలిన చోటు. అక్కడి జగ్గదేవుడి పేరు మీదే జగిత్యాల వచ్చిందని ఇంకో వాదన. నా ఓటు దానికే. అంటే రెండు ముక్కల సరదా కథ ఒకటి ఊరి రాజునీ, కోట కట్టిన కూలీలనీ, అసలు ఇంజినీర్లనీ అందర్నీ కప్పేసింది.

దీనికి పక్కన పెట్టడానికి టోక్యో కథే ఒకటి ఉంది. 1872లో షింబషి నుంచి యొకొహామాకి జపాన్ మొదటి రైలు నడిచింది. సైన్యం నేల ఇవ్వనంటే తకనవా దగ్గర సముద్రంలో కట్ట పోసి పట్టాలు వేశారు. చీఫ్ ఇంజినీరు ఎడ్మండ్ మోరెల్ అనే ఇంగ్లీషాయన, రైలు కదలడం చూడకుండానే 1871లో పోయాడు. ఆయన సమాధి యొకొహామాలో విదేశీయుల శ్మశానంలో ఉంది, వెళ్ళి చూడొచ్చు. వాళ్ళ పరదేశి ఇంజినీరుకి సమాధి ఉంది, తేదీ ఉంది. మన ఇంజినీర్లు మాటల గారడీ అయిపోయారు. అన్నట్టు ఆ సముద్రపు కట్ట 2019లో కొత్త టవర్ల కోసం తవ్వుతుంటే బయటపడింది. కొంత భాగం ఉంచారు, ఎక్కువ భాగం తీసేశారు, పెద్ద గొడవే అయింది. తీసేసిన దాన్నీ ముందు కొలిచి, ఫోటోలు తీసి, రికార్డు చేశారు. నా దృష్టిలో అసలు సంగతి ఇదే. పాతదంతా ఎవరూ కాపాడలేరు, టోక్యో అస్సలు కాపాడలేదు. కానీ పోయేదాని వివరం పోకుండా చూడొచ్చు.

మన పనిలో రోజూ చూసేదే ఇది. కోడ్ ఉంటుంది, డాక్యుమెంటేషన్ ఉండదు. రాసినవాడు వెళ్ళిపోయాక, ఇది ఎందుకిలా ఉంది అంటే ఎవరో ఒక కథ అల్లుతారు. రెండేళ్ళకి అదే నిజమవుతుంది. మూడో ఏడు ఎవరో వచ్చి, ఇదెందుకు, తీసేద్దాం అంటాడు. ఖిల్లా విషయంలో నా భయం ఆ మూడో ఏడు గురించే. ఏం తీసేస్తున్నామో తెలియకుండా తీసేయడం చాలా సులువు.

మనవాళ్ళకి రాసే అలవాటు లేదు అనే మాట మాత్రం ఒప్పుకోను. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా చూసినవి రాసుకుంటూ పోయాడు, ఆ దారి హైదరాబాదు, నిర్మల్ మీదుగానే. మా జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాల. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మగారు అక్కడ దొరికే పాత నాణేలని సేకరించి, పనికిరాని చిల్లర అని వదిలేయకుండా, పరబ్రహ్మశాస్త్రిగారి లాంటి పండితుల దాకా చేర్చారు. వాటిలో శాతవాహనుల మొదటి రాజు సిముకుడి నాణేలు ఉన్నాయి. 1979 నుంచి అక్కడ తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల మొదలు ఎక్కడ అనే చర్చలో తెలంగాణ పేరు గట్టిగా వినబడటానికి ఆ నాణేలే కారణం. తర్వాత ఎల్లంపల్లి ప్రాజెక్టు వచ్చి గోదావరి నీళ్ళు అక్కడిదాకా ఎక్కాయి. నీళ్ళు రాకముందే ఒక మనిషి ఏరి, రాయించాడు కాబట్టి ఇవాళ మనం మాట్లాడుకోగలుగుతున్నాం. ఆయనకి పెద్ద సంస్థ లేదు, ఫండ్స్ లేవు. పట్టుదల ఉంది.

కాబట్టి ప్రభుత్వం ఏం చేయాలో రాసి వదిలేయను, అది అందరూ రాస్తారు. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా అయింది, ఆగస్టు 15కి జెండా ఎగరేసేదీ ఖిల్లాలోనే. జనం వస్తారు, జెండా చూస్తారు, గోడ చూడరు. అక్కడ టవర్లు కట్టమని అడగను. అయిదు లైన్ల బోర్డు చాలు. ఎవరు కట్టించారు, ఏ కాలం, ఈ ఆకారం ఎందుకు, ఏది కథ, ఏది ఆధారం ఉన్నది. నక్షత్రం ఎలా ఉంటుందో పైనుంచి తీసిన బొమ్మ ఒకటి. ఆ అయిదు లైన్లూ నేను తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో సిద్ధం చేస్తున్నాను. ఉర్దూ మా ఊళ్ళోనే రాసిపెట్టే సారు ఒకరున్నారు. తయారయ్యాక మున్సిపాలిటీకి ఇస్తాను. పెడతారా లేదా అన్నది వాళ్ళిష్టం, కాగితం మీద అయితే ఉంటుంది.

మీది కోరుట్ల కావచ్చు, సిరిసిల్ల కావచ్చు, ఇంకెక్కడైనా కావచ్చు. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ ఊరి గడి ఎవరిది, బురుజు ఎప్పుడు కూలింది, మొదటి మరమగ్గం ఎవరింట్లో మోగింది, ఈ మూడింట్లో ఒక్కటి పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి, తేదీతో సహా రాసిపెట్టండి. రాళ్ళకి తొందరలేదు, అవి ఉంటాయి. చెప్పేవాళ్ళకే వయసైపోతోంది.